కరువు సీమలో ఊపిరితిత్తులకు నిమ్ము

ముసురు పట్టి గోడకు చెమ్మ దిగితే నిమ్ము ఎక్కిందంటారు. ఇంట్లో పెట్టుకున్న చెనిక్కాయల మూటలకు నిమ్ము తగిలితే బూజు పడుతుందని రైతుకు దిగులు. అదే మాటను మనిషి రొమ్ముకు కూడా వాడతారు. "ఫోటో తీసినారు, ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందంట" అనే మాట కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు బయట కూర్చున్నవాళ్ల నోట వినిపిస్తూనే ఉంటుంది. న్యుమోనియాకు తెలుగులో ఇంతకంటే వాడుకలో ఉన్న పేరు లేదు.

ఈ పేరు సగం నిజమే చెబుతుంది. ఊపిరితిత్తుల లోపల గాలి గొట్టాలు కొమ్మలు రెమ్మలుగా చీలుతూ పోయి, చివర ద్రాక్షగుత్తుల్లాంటి చిన్న చిన్న గాలి తిత్తుల దగ్గర ఆగుతాయి. గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి దిగేది అక్కడే. సూక్ష్మజీవులు అంతదాకా చేరి పెరిగితే, వాటితో పోరాడే క్రమంలో ఆ తిత్తుల్లోకి నీరు, చీము ఊరతాయి. గాలి ఉండాల్సిన చోట తడి చేరుతుంది. ఎక్స్‌రేలో నల్లగా కనిపించాల్సిన భాగం తెల్లగా మారుతుంది. కాబట్టి లోపల జరిగేదానికి నిమ్ము అన్న పేరు చక్కగా సరిపోతుంది.

చిక్కంతా మిగతా సగంతోనే. నిమ్ము అనగానే మనసు చల్లదనం వైపు పోతుంది. తలస్నానం చేయించినందుకు వచ్చిందనీ, పెరుగన్నం పెట్టినందుకు వచ్చిందనీ, అరటిపండు తినిపించినందుకు వచ్చిందనీ తల్లిని తప్పుపడతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం దేశంలోనే బాగా పొడిగా ఉండే ప్రాంతాల్లో ఒకటి. తేమ వల్లే నిమ్ము చేరేదైతే ఈ సీమలో ఆ జబ్బు అరుదుగా కనిపించాలి. అలా లేదు. దీనికి కారణాలు పెరుగు గిన్నెలో లేవు. ఇంటి పొగలో, రాతి దుమ్ములో, అందని టీకాలో, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలో ఉన్నాయి. వీటన్నిటికంటే ఎక్కువగా, దగ్గు మొదలైన రోజుకూ సరైన వైద్యం అందిన రోజుకూ మధ్య వృథాగా పోయిన రోజుల్లో ఉన్నాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రోజుల గురించే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఐదేళ్లలోపు పిల్లలు సుమారు 7.4 లక్షల మంది న్యుమోనియాతో చనిపోయారు. ఆ వయసు పిల్లల మరణాల్లో ఇది 14 శాతం. అంటువ్యాధుల్లో పసిపిల్లలను ఇంతగా పొట్టన పెట్టుకునేది మరొకటి లేదు. అయినా డెంగీ అంటే వచ్చే భయం దీనికి రాదు. ఇది మామూలు దగ్గు, పడిశం ముసుగులో వస్తుంది కాబట్టి.

ఆ ముసుగు సంగతి ముందు చూడాలి. ముక్కు, గొంతు, స్వరపేటిక వరకు శ్వాసమార్గంలో పైభాగం. పడిశం, గొంతునొప్పి, ముక్కు కారడం అక్కడి సంగతులు. వీటిలో చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చి వాటంతటవే తగ్గేవే. గాలి గొట్టాల్లోకి దిగితే బ్రాంకైటిస్, గాలి తిత్తుల దాకా పోతే న్యుమోనియా. జలుబు చేసిన నూరుమంది పిల్లల్లో అతి కొద్దిమందికే అది కిందికి దిగుతుంది. ఆ కొద్దిమంది ఎవరో కనిపెట్టడమే కష్టం. దగ్గు గట్టిగా ఉంటే జబ్బు పెద్దదనీ, జ్వరం ఎక్కువైతే ప్రమాదమనీ అనుకుంటారు. రెండూ నమ్మదగిన గుర్తులు కావు. మామూలు వైరస్ దగ్గు కూడా సగటున 18 రోజుల దాకా ఉంటుందని అధ్యయనాలు తేల్చాయి. మనవాళ్లు మాత్రం వారంలో తగ్గాలనుకుంటారు. ఎనిమిదో రోజు డాక్టరును మార్చేస్తారు, మందు మార్చేస్తారు. మూడో వారంలో దగ్గు తనంతట తాను తగ్గితే, చివరగా వేయించుకున్న సూదికి ఆ పేరు వస్తుంది. ఇంకోపక్క, దగ్గు పెద్దగా లేకుండానే ఊపిరి అందక నీరసించిపోతున్న మూడు నెలల బిడ్డను "నిద్రపోతాంది లే" అని వదిలేస్తారు.

మరి నమ్మదగిన గుర్తు ఏది? ఊపిరి లెక్క. గాలి తిత్తులు తడితో నిండితే ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి, ఒక్కో శ్వాసలో లోపలికి పోయే గాలి తగ్గుతుంది. ఆ లోటును శరీరం ఎక్కువసార్లు ఊపిరి తీసి పూడ్చుకుంటుంది. అందుకే న్యుమోనియాలో శ్వాస వేగం పెరుగుతుంది. 1980లలో పపువా న్యూ గినియాలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు, స్టెతస్కోప్ లేకుండా, ఎక్స్‌రే లేకుండా, శ్వాస వేగాన్నీ రొమ్ము కింది భాగం లోపలికి లాక్కుపోవడాన్నీ చూసి ఏ బిడ్డకు మందు కావాలో, ఏ బిడ్డను ఆసుపత్రికి పంపాలో తేల్చవచ్చని చూపించాడు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే పద్ధతిగా మార్చింది. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకు ఈ లెక్క నేర్పారు. అంకెలు సరిగా రాని మంత్రసానులు కూడా వాడేలా పూసలతో ఒక చిన్న పరికరం తయారు చేయించారు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. నిమిషం పూర్తయ్యేసరికి ఎన్ని పూసలు జరిగాయో చూస్తే చాలు. అక్కడ న్యుమోనియాతో పోయే పిల్లల సంఖ్య బాగా తగ్గిందని 1990లో ప్రచురించిన వారి అధ్యయనం చెప్పింది. బడి మెట్టు ఎక్కని మంత్రసాని చేయగలిగిన పనిని, చేతిలో ఫోన్ ఉన్న తల్లి చేయలేకపోవడమంటూ ఉండదు.

ఎలా లెక్కపెట్టాలో దగ్గరగా చూద్దాం. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క కుదరదు. తల్లి ఒడిలో నిమ్మళంగా ఉన్నప్పుడో, నిద్రలోనో చూడాలి. చొక్కా మెల్లగా రొమ్ము పైకి జరపాలి. కళ్లు బొడ్డుకూ పక్కటెముకలకూ మధ్య నిలపాలి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒక శ్వాస. ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిండా నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసిపిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు. ఒళ్లు బాగా కాలుతుంటే శ్వాస ఎటూ కాస్త పెరుగుతుంది. జ్వరం దిగాక ఇంకోసారి చూసుకోవాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆ పైన, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఆ పైన ఉంటే దాన్ని వేగంగా ఊపిరి తీయడం అంటారు. రెండు నెలల లోపు బిడ్డకు 60 దాటినట్టు కనిపిస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే ఉంటే ఇంటి వైద్యం, ఊరి వైద్యం మాట పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి పోవాలి.

దీని తర్వాత వచ్చే గుర్తుకు మన సీమలో ఎప్పటినుంచో పేరుంది. "పిల్లోడు డొక్కలెగరేస్తాండాడు" అంటారు అవ్వలు. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు రొమ్ము పైకి లేవాల్సింది పోయి, పక్కటెముకల కింది భాగం గుంటలా లోపలికి పోవడం అది. వైద్య పుస్తకాల్లో రాసిన గుర్తుకూ ఈ మాటకూ రవ్వంత తేడా లేదు. నిమ్ము అన్న పేరు దారి తప్పిస్తే, డొక్కలెగరేయడం అన్న పేరు సూటిగా జబ్బు దగ్గరకే తీసుకుపోతుంది. ఒక్కటే లోపం, అది ఆలస్యంగా కనిపిస్తుంది. చాలామంది పిల్లల్లో ఊపిరి వేగం ముందే పెరుగుతుంది, డొక్కలు తర్వాత ఎగురుతాయి. డొక్కలు ఎగిరేదాకా ఆగడమంటే చేతిలో ఉన్న సమయాన్ని జారవిడుచుకోవడమే. ఇక పాలు తాగలేకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఫిట్స్ రావడం, పిలిచినా పలకనంత మగతగా ఉండటం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఆ వృథా రోజుల లోపలికి పోదాం. మొదటి రోజు ఇంటి వైద్యం. తులసి, మిరియాలు, గోరువెచ్చని నీళ్లు పెద్ద పిల్లలకు హాని చేయవు. గొంతుకు హాయినిస్తాయి కూడా. ఏడాది దాటిన పిల్లలకు తేనె దగ్గును కొంత నెమ్మదింపజేస్తుంది, ఏడాదిలోపు బిడ్డకు మాత్రం పెట్టకూడదు. అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి. పసిబిడ్డకు నీళ్లు పోశాక ముక్కులో రెండు చుక్కల నూనె వేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ముక్కు శుభ్రపడుతుందని నమ్మకం. ఆ నూనె గొంతులోకి పోతే మింగేయొచ్చు, గాలిగొట్టంలోకి జారితే మాత్రం దగ్గుతో కూడా బయటికి రాదు. ఊపిరితిత్తుల్లో నిలిచిపోయి దానికదే ఒక రకం న్యుమోనియా తెస్తుంది. ఏడుస్తున్న బిడ్డ కాళ్లూ చేతులూ పట్టుకుని ఆముదం పోసినా ఇదే ప్రమాదం. దక్షిణాది పిల్లల వైద్యులు దీని గురించి ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉన్నారు.

నీళ్లు పోసిన తర్వాత సాంబ్రాణి పొగ. నిప్పుల మీద గుగ్గిలం చల్లి, పైన బుట్ట బోర్లించి, దాని మీద గుడ్డ కప్పి బిడ్డను పట్టుకుంటారు. తల ఆరుతుంది, సువాసన వస్తుంది, ఇంట్లో పెద్దామె తృప్తిగా చూస్తుంది. ప్రేమతో చేసే పనే, అందులో అనుమానం లేదు. కానీ నెలల బిడ్డ ఊపిరితిత్తులకు అది నేరుగా పట్టిన పొగ. తల ఆరడానికి మెత్తని పొడిగుడ్డ చాలు. రొమ్ముకు కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయడం కూడా రెండేళ్లలోపు పిల్లలకు మంచిది కాదు, కర్పూరం ఎక్కువగా ఒంట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. ఇక డొక్కలెగరేస్తున్నాడని వాతలు పెట్టే అలవాటు చాలా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఊపిరాడక అల్లాడే బిడ్డకు కాల్చిన పుండు కూడా తోడవుతుంది. దీన్ని ఆచారం అని సమర్థించడానికి వీల్లేదు.

రెండో రోజో మూడో రోజో మందుల షాపు, లేకపోతే ఊళ్లోని ఆర్ఎంపీ. దగ్గు సిరప్ ఒకటి చేతికి వస్తుంది. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందులను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద రాయించాలని ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన డైఈథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు అసలు రాయవద్దనీ, ఐదేళ్లలోపు వారికి కూడా సాధారణంగా వద్దనీ మళ్లీ చెప్పింది. కల్తీ లేని సిరప్ అయినా న్యుమోనియాను తగ్గించదు. దగ్గు అంటే లోపలి కఫాన్ని బయటికి తోసే ప్రయత్నం. దాన్ని ఆపడంలో బిడ్డకు ఒరిగేది లేదు.

సూది సంగతి ఇంకా తీవ్రం. జ్వరం, ఆయాసం అని చెప్పగానే ఒక స్టిరాయిడ్ సూది పడితే మధ్యాహ్నానికి బిడ్డ హుషారుగా లేచి కూర్చుంటుంది. జ్వరం దిగుతుంది, రెండు ముద్దలు తింటుంది. ఇంటిల్లిపాదికీ టెన్షన్ తగ్గుతుంది. ఒక రోజు గడుస్తుంది. లోపల మాత్రం బాక్టీరియా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఉబ్బసం ముదిరినప్పుడు స్టిరాయిడ్ ప్రాణం కాపాడే మందే, దాని విలువ దానిదే. ఏ జబ్బో తేలకుండా వేస్తే గుర్తులను కప్పేస్తుంది. ఆ కప్పిన ఒక్క రోజు ఖరీదు, చివరికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

యాంటీబయాటిక్ వాడకం మరో ముడి. ఏడు దేశాల్లో ఆసుపత్రుల్లో చేరిన పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2019లో వెలువడింది. తీవ్రమైన న్యుమోనియాకు 61 శాతం సందర్భాల్లో వైరస్‌లే కారణమని, ఒక్క ఆర్ఎస్‌వీ అనే వైరస్ వాటానే 31 శాతమని అందులో తేలింది. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. అలాగని ఊపిరి వేగంగా తీస్తున్న బిడ్డకు మందు ఆపడం కూడా కుదరదు. ఏది వైరస్, ఏది బాక్టీరియా అని పీహెచ్‌సీలో తేల్చే పరీక్ష చేతిలో లేదు, తప్పు జరిగితే ప్రాణం పోతుంది. అందుకే నియమం సులువుగా పెట్టారు. ఊపిరి వేగం మామూలుగా ఉంటే, డొక్కలు ఎగరకపోతే యాంటీబయాటిక్ వద్దు. వేగం పెరిగితే అమాక్సిసిలిన్ ఇవ్వాలి. నీళ్లలో కరిగే బిళ్లగా దొరికే ఈ పాత మందు చవకైనది, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. రెండు రోజులు చూసినా ఊపిరి నెమ్మదించకపోతే మళ్లీ చూపించాలి. పడిశానికి మూడు రోజుల అజిత్రోమైసిన్ బిళ్లలు కొనుక్కుని మింగే అలవాటు మాత్రం ఊరందరికీ నష్టం. నిజంగా అవసరం పడిన రోజున మందు పని చేయకుండా పోతుంది.

పొగ దగ్గరికి వద్దాం. ఆదోని, ఆలూరు వైపు పత్తి ఏరడం అయిపోయాక పత్తికట్టె ఇళ్లకు చేరుతుంది. అనంతపురం వైపు కందికట్టె, కంపచెట్ల కొమ్మలు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక గ్యాస్ పొయ్యి లేని ఇల్లు తక్కువ. 2024 చివరలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. అయినా నీళ్లు కాచేదీ, రొట్టెలు కాల్చేదీ చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి మీదే. కట్టె పొలంలో ఊరికే వస్తుంది, నాలుగో సిలిండరు ఊరికే రాదు. పొగలోని సన్నని రేణువులు గాలి గొట్టాల లోపలి పొరను రేపుతాయి. దుమ్మును, క్రిములను పైకి ఊడ్చే సన్నని నూగును బలహీనపరుస్తాయి. క్రిములకు దారి సుగమం అవుతుంది.

అలాగని పొయ్యి మారిస్తే న్యుమోనియా పోతుందని చెప్పేయడం కూడా సరికాదు. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో గర్భిణులకు గ్యాస్ ఇచ్చి, పుట్టిన బిడ్డలను ఏడాదిపాటు గమనించిన ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. పొగ బాగా తగ్గింది, పిల్లల్లో తీవ్ర న్యుమోనియా మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పొగ ఒక్కటే తాళంచెవి కాదని దీని అర్థం. తల్లి తిండి, బిడ్డ పుట్టిన బరువు, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టడం, ఒకే గదిలో ఆరుగురు పడుకోవడం, ఇంట్లో బీడీ కాల్చే తాత, ఇవన్నీ కలిసే పనిచేస్తాయి. పొగ తగ్గితే వంట చేసే ఆడవాళ్ల ఊపిరితిత్తులకు మేలు ఉండనే ఉంది. ముప్పై ఏళ్లు పొయ్యి ఊదిన అవ్వకు బీడీ ముట్టకుండానే ఆయాసం పట్టడం ఈ పల్లెల్లో కొత్త కాదు.

పెద్దవాళ్ల న్యుమోనియాకు ఇక్కడ ఇంకో ముఖం ఉంది. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల ఈ పేర్లు వింటే ముందు గుర్తొచ్చేది బండలు. దేశమంతా ఇళ్లలో పరిచిన కడప బండలు ఈ నేల నుంచి పోయినవే. పాలిషింగ్ యూనిట్లలో నీళ్లు పోస్తూ కోసినప్పుడు దుమ్ము బురదగా కిందికి దిగుతుంది. ఎండు మిషన్‌తో అంచులు కొట్టినప్పుడు, కంకర మిషన్ దగ్గర రాయి పగిలినప్పుడు మాత్రం తెల్లని మబ్బు లేస్తుంది. సాయంత్రం పని దిగిన మనిషి కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు పిండి చల్లినట్టు ఉంటాయి. కంటికి కనిపించే ఆ పిండి అంత చేటు కాదు, ముక్కులోనే ఆగిపోతుంది. 5 మైక్రాన్ల కంటే చిన్నగా ఉండి కంటికి ఆనని సిలికా రేణువే గాలి తిత్తుల దాకా పోయి అక్కడ మచ్చ కడుతుంది. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపలేదు. సున్నపురాయిలో సిలికా తక్కువ, గ్రానైట్‌లో, ఇసుకరాయిలో ఎక్కువ. కాబట్టి ఏ రాయి మీద ఎన్నేళ్లు పనిచేశారన్నదే ముఖ్యం.

ఇలా సిలికా మచ్చలు కట్టే జబ్బు సిలికోసిస్. దానికి మందు లేదు. పైగా అది క్షయకు తలుపు తీస్తుంది, ఎందుకంటే క్షయ క్రిమిని మింగి చంపాల్సిన కణాలనే సిలికా దెబ్బతీస్తుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. దగ్గు, జ్వరం, ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే న్యుమోనియా అని ఒక కోర్సు యాంటీబయాటిక్, తగ్గకపోతే ఇంకో కోర్సు. నెల గడిచాక గళ్ల పరీక్ష చేయిస్తే క్షయ బయటపడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు గళ్ల పరీక్ష తప్పనిసరి, అది ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. డాక్టరు అడిగినా అడగకపోయినా "బండల పనిలో ఇన్నేళ్లు ఉన్నాను" అని రోగి ముందే చెప్పడం అన్నిటికంటే విలువైన సమాచారం. మంగంపేట ముగ్గురాయి పనివాళ్ల విషయంలో ఇది మరీ అవసరం. ముగ్గురాయిలోని బేరియం ఎక్స్‌రేను అడ్డుకుంటుంది, ఆ దుమ్ము ఫోటోలో దట్టమైన మచ్చలుగా కనిపించి, ఉన్న హాని కంటే ఎక్కువ భయపెట్టగలదు.

అరవై అయిదు దాటినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు నిమ్ము ఇంకో తీరుగా వస్తుంది. ఒళ్లు కాలకపోవచ్చు. దగ్గు కూడా పెద్దగా ఉండకపోవచ్చు. నిన్నటిదాకా అరుగు మీద కూర్చుని అందరినీ పలకరించిన పెద్దాయన ఈరోజు అన్నం వద్దంటాడు, మనవడి పేరు తడుముకుంటాడు, బాత్‌రూమ్‌కు పోతూ తూలిపడతాడు. "వయసు మీద పడింది" అని సర్దుకుపోతారు. కొత్తగా వచ్చిన తికమక, నిమిషానికి 30 లేదా ఆ పైన శ్వాసలు, రక్తపోటు పడిపోవడం, వయసు 65 లేదా అంతకు మించడం, రక్తంలో యూరియా పెరగడం అనే అయిదింటిని లెక్కవేసి, పెద్దలను ఆసుపత్రిలో చేర్చాలా వద్దా అని వైద్యులు తేలుస్తారు. ఇందులో యూరియా, బీపీ తప్ప మిగతావి ఇంట్లోనే చూసుకోవచ్చు. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్లు చాలా ఇళ్లలో బీరువాల్లో పడి ఉన్నాయి. బ్యాటరీ మార్చి వేలికి పెట్టి చూడండి. 94 కంటే తగ్గితే వైద్యుడికి చూపించాలి, 90 కంటే తగ్గితే ఆక్సిజన్ కావాలి. చేతులు చల్లబడి ఉంటే, వేలికి గోరింటాకు ఉంటే లెక్క తప్పొచ్చు, వేలు మార్చి చూడాలి. పసిపిల్లల చిన్న వేళ్లకు పెద్దల పరికరం సరిగా పట్టదు. వాళ్లకు ఊపిరి లెక్కే దిక్కు.

టీకాల విషయం చెప్పుకుంటే, పిల్లల్లో బాక్టీరియా న్యుమోనియాకు పెద్ద కారణాలైన న్యుమోకాకస్, హిబ్ అనే రెండు క్రిములకూ టీకాలున్నాయి. హిబ్ టీకా, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లో కలిసే ఉంది, 6, 10, 14 వారాలకు వేస్తారు. న్యుమోకాకస్ టీకా, అంటే పీసీవీ, 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ప్రైవేటులో వేల రూపాయలయ్యే ఈ టీకా ఇప్పుడు అంగన్‌వాడీ దగ్గర ఏఎన్ఎం చేతిలో ఉచితం. తొమ్మిదో నెలలో వేసే తట్టు టీకా కూడా ఈ లెక్కలోనే వస్తుంది, ఎందుకంటే తట్టు సోకిన బిడ్డను చాలాసార్లు పొట్టన పెట్టుకునేది దాని వెనకాలే వచ్చే న్యుమోనియా. పెద్దవాళ్లకు ఏటా వేసుకునే ఫ్లూ టీకా, ఒక న్యుమోకాకస్ టీకా ఉన్నాయి. అవి ఉచితంగా దొరకవు. షుగర్, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వేయించుకోవడం మంచిది.

పట్టికలో ఇంత చక్కగా ఉన్న ఈ తేదీలు కర్నూలు పశ్చిమాన సుగ్గి, అంటే కూలి కోసం పోయే వలస, దగ్గర తెగిపోతాయి. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కదులుతాయి. లారీల్లో బియ్యం మూటలు, జొన్నపిండి, గిన్నెలు, బొంతలు, వాటి మీద పిల్లలు. అక్కడ పొలం గట్టున పట్టలు కప్పిన గుడారాల్లో కాపురం. చలికాలం రాత్రులు, మూడు రాళ్ల పొయ్యి పొగ, పగలంతా మిరప ఘాటు. పది వారాల బిడ్డ ఊరు కదిలితే పద్నాలుగో వారం టీకా గుడారంలో ఉండగా దాటిపోతుంది. సొంతూరి ఆశా కార్యకర్తకు బిడ్డ ఎక్కడుందో తెలియదు, అక్కడి ఆశా జాబితాలో ఆ బిడ్డ పేరే ఉండదు. జబ్బు చేస్తే కూలి పోగొట్టుకుని తెలియని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కోవాలి. వారం చివర పైసలు చేతికొచ్చాక చూద్దాం అనుకుంటారు. సొంతూళ్లో ఉన్నా దూరం తక్కువేమీ కాదు, ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికే సుమారు 100 కిలోమీటర్లు. గుడారంలో ఆ దూరానికి భాష యాస తేడా, మొహమాటం కూడా తోడవుతాయి.

ఈ ఖాళీని పూడ్చడానికి పెద్ద ఆసుపత్రులు కట్టనవసరం లేదు. సుగ్గి ఏ నెలలో మొదలవుతుందో, ఏ ఊరి నుంచి ఏ మండలానికి పోతారో రెండు చోట్ల అధికారులకూ ఏటా తెలిసిన సంగతే. బయలుదేరే ముందు ఊళ్లో ఒక టీకా రోజు, దిగిన చోట గుడారాల దగ్గర ఒక టీకా రోజు పెట్టడం సిబ్బందికి అసాధ్యమైన పని కాదు. 2019లో కేంద్రం న్యుమోనియా మీద సాన్స్ పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమంలో కింది స్థాయి సిబ్బందికి ఊపిరి లెక్క, అమాక్సిసిలిన్ వాడకం నేర్పడమే ప్రధానం. ఆ నేర్పు గుడారాల దాకా పోవాలి.

కుటుంబం చేతిలో ఉన్నది ఒకటుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డు. చాలాసార్లు అది ఊళ్లో ఇంటి దూలం సందులోనో, ట్రంకు పెట్టె అడుగునో ఉండిపోతుంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బియ్యం మూటతో పాటు లారీ ఎక్కించాలి. టీకాకు సొంతూరు అన్న షరతు లేదు. ఆ కార్డు చూపిస్తే గుంటూరు వైపు ఏ పీహెచ్‌సీలోనైనా, ఏ టీకా రోజునైనా, మిగిలిపోయిన డోసు వేస్తారు. తేదీ దాటిపోయినా మళ్లీ మొదటి నుంచి వేయరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు.